పాలారులో పోసిన నీళ్ళు

మలర్విళి గడప దగ్గర చెప్పులు విడిచింది. తాయమ్మాళ్ అత్త చెంబు అందుకోలేదు. ఆ ఊళ్ళో పగవాడొచ్చినా ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే తగువు పెట్టుకుంటారు.

"కూర్చోవే. కొట్లోంచి సోడా తెప్పిస్తా," అంది అత్త.

మలర్విళి కూర్చోలేదు. తిన్నగా కొబ్బరితోటలోని బావి దగ్గరికెళ్ళి ఒక చేద తోడింది. నీళ్ళు పసుపు కలిపినట్టున్నాయి. అత్త వెనకే వచ్చి నిలబడింది.

తోళ్ళు శుద్ధిచేసే షెడ్లు వదిలే విషం భూమి లోపల ఎటు పాకుతుందో నాలుగేళ్ళ కిందట కంప్యూటర్లో లెక్క కట్టింది తనే. మట్టి పొరలు, బావులు, నది అన్నీ గళ్ళుగా పేర్చి, ఏటికేడు విషం ఎంత జరుగుతుందో చూసింది. "నీ బావికి ముప్పై ఏళ్ళదాకా ఢోకా లేదత్తా," అంది. మేనకోడలి చదువంటే అత్తకు కొండంత గురి. ఆ రోజే లారీ నీళ్ళు మానేసి, ఇరుగుపొరుగుల్ని పిలిచి మరీ బావి నీళ్ళు తాగించింది.

ఎక్కడ తప్పిందో మలర్విళి వెతుక్కోనక్కర్లేదు. ఆ లెక్క మొదట్లో బావుల్లో కొలిచిన అంకెలతో ఒక పట్టాన కుదరలేదు. పటంలో నీలంగా గీసిన, నిజానికి ఏళ్ళ తరబడి ఎండిపోయిన పాలారులో నిండా నీళ్ళు పోశాకే కుదురుకుంది. ఆ లేని నీళ్ళే తెరమీద విషాన్ని వెనక్కి నెట్టాయి. చదువుకున్న బుద్ధి ఎంత గడ్డి తింటుందో చూడండి! తను బడికెళ్ళిందే ఆ ఏటి ఇసుకలో నడిచి.

"అత్తా, లెక్కలో పాలారు నిండుగా పారుతోందని పెట్టాను."

అత్త పకపకా నవ్వింది. "పాలారా? నీ పెళ్ళి పందిరి వేసింది ఆ ఇసుకలోనే కదే!" అంతలోనే నవ్వు ఆగిపోయింది. "తెలిసి తెలిసి ఎందుకు పెట్టావే?"

"లెక్క కుదరాలని."

పక్కింటి కన్నియమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. "వచ్చావా మలర్! మీ అత్తకి చాదస్తం పట్టుకుందమ్మా. వారం నుంచి ఈ నీళ్ళు తాగొద్దని ఒకటే గోల. మలర్ చెప్పాక ఇంకేం భయం, ఆకులు కుళ్ళి రంగు మారుంటుందిలే అన్నాను." అంటూనే చేద అందుకుంది.

అత్త మేనకోడలి మొహం చూసింది. "నేను చెబితే వినరు. నువ్వు చెబితే తాగారు. నువ్వే చెప్పు."

మలర్విళి బిందె మూతిమీద చెయ్యి అడ్డం పెట్టింది. నాలుక పిడచకట్టుకుపోయింది. గుక్కెడు మంచినీళ్ళు అడుగుదామంటే ఆ ఇంట్లో ఇప్పుడు లేవు.