పెట్టె వాళ్ళకి, క్యాసెట్లు వీళ్ళకి

పంపకాలు చేసిన ఆ పెద్దమనుషులు ఇప్పుడెవరూ బతికి లేరు గనక సరిపోయింది. ఉంటే సతీష్ ఒక్కొక్కరినీ నిలదీసి అడిగేవాడు, ఏమయ్యా, బుర్రలో గుజ్జున్నవాడెవడైనా వీడియో గేముని పంచుతాడా అని. శ్రీకాకుళం దగ్గర వాళ్ళ ఊళ్ళో పెదనాన్న సోమేశ్వరరావు, నాన్న కృష్ణమూర్తి వేరుపడిన రోజది. పొలం అయింది, గేదెలయ్యాయి, ఇత్తడి సామానూ అయింది. చివరికి, తాతయ్య మనవలిద్దరికీ కలిపి బెజవాడ నుంచి తెచ్చిన టీవీ గేము మిగిలింది. పెద్దమనుషులు గొంతు సవరించుకుని, పెట్టె పెద్దవాడి వాటాకి, క్యాసెట్లు చిన్నవాడి వాటాకి అని తేల్చారు. ఎవరికీ అన్యాయం జరగలేదట! పెదనాన్న కొడుకు చిన్నబాబుకి ఒక్క క్యాసెట్టూ లేని పెట్టె దక్కింది. సతీష్‌కి డబ్బా నిండా క్యాసెట్లు దక్కాయి, పెట్టుకోవడానికి పెట్టె లేదు.

మర్నాటి నుంచి అవతలి గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతామన్నారు తండ్రులిద్దరూ. పిల్లలు కొన్నాళ్ళు ఏడ్చారు, తర్వాత ఆ పౌరుషం వాళ్ళకీ అంటుకుంది. తండ్రులు పోయారు గానీ పౌరుషం పోలేదు. పెదనాన్న పోయినప్పుడు సతీష్ పరీక్షల డ్యూటీ ఉందని వెళ్ళలేదు. డ్యూటీ లేదు, పాడూ లేదు.

ఇప్పుడు సతీష్ ఉండేది బందర్లో. గుడివాడలో పాలిటెక్నిక్ పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్తాడు. చిన్నబాబుకి బంటుమిల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. ఆమధ్య అటక దులుపుతుంటే క్యాసెట్ల డబ్బా బయటపడింది. అంతే, చిన్నప్పటి పురుగు మళ్ళీ తొలవడం మొదలెట్టింది. ఒక్కసారి ఆడాలి. బజార్లో ఇప్పుడొచ్చే వాటికి క్యాసెట్ పెట్టే చోటే లేదు. ఎవరో వాడిన పాత విదేశీ పెట్టె ఒకటి తెప్పించాడు. తీరా చూస్తే దాని నోరు వేరు, ఈ క్యాసెట్ల పళ్ళు వేరు. క్యాసెట్‌కి అరవై పిన్నులు, పెట్టెకి డెబ్భై రెండు.

పెడనలో ఉన్న అక్క రాధాకుమారి ఫోన్లో పగలబడి నవ్వింది.

"చిన్నబాబు దగ్గర అసలు పెట్టె ఉందిరా. నిక్షేపంలా దాచాడు. అడగొచ్చుగా?"

"నేనా? వాణ్ణా?"

"ఏం, నోరు అరిగిపోతుందా? వాడికి నీతో మాట్లాడాలనే ఉందిరా. ఎవరు ముందా అని చూస్తున్నాడు."

"చూడనీ. నేను అడాప్టర్ చేసుకుంటాను."

అక్క ఇంకేదో అనబోయింది. ఫోన్ పెట్టేశాడు.

చేశాడు మరి. కాలేజీ నుంచి రావడం, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చోవడం. పాడైన విదేశీ క్యాసెట్ కొని దాని బోర్డు పళ్ళ దగ్గర కోశాడు. అరవై పిన్నుల సాకెట్టు తెప్పించి, ఈ పిన్ను నుంచి ఆ పన్నుకి జుట్టులాంటి తీగలు లాగాడు. ఒక తీగ తప్పితే తెర బూడిదరంగులో ఉండిపోయేది. మళ్ళీ విప్పడం, మళ్ళీ అతికించడం. వేళ్ళు కాలాయి. అన్నం చల్లారిపోతోందండీ అని భార్య పార్వతి మొత్తుకునేది. తీగలన్నీ కుదిరాక కూడా పెట్టె మొరాయించింది. దొంగ క్యాసెట్లు ఆడకుండా లోపల తాళంలాంటి చిప్పు పెట్టారు. దాని కాలొకటి పైకి లేపేశాడు. ఓ ఆదివారం పొద్దున బొమ్మ వచ్చింది. సతీష్ కేక వేసి కుర్చీలోంచి లేచాడు.

సరిగ్గా ఆ ఆదివారమే, పదకొండింటికి, చిన్నబాబు వచ్చాడు.

"ఇటు పనుండి వచ్చాన్రా," అన్నాడు గుమ్మంలోనే. జుట్టు సగం నెరిసింది. ఒక చేతిలో రొయ్యల కవరు, రెండో చేతిలో గుడ్డ సంచి. సంచి మూతి లోంచి ఎర్ర ప్లాస్టిక్ అంచు కనపడుతోంది. తాతయ్య తెచ్చిన పెట్టె! ఆ ఎరుపు తనకి తెలియకపోవడమేంటి!

"రండి బావగారూ, కూర్చోండి," అంది పార్వతి. రొయ్యలు అందుకుని టీ పెట్టడానికి వెళ్ళింది.

చిన్నబాబు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో మొదలెడదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. సతీష్‌కి కళ్ళు చెమర్చిన మాట నిజం. అన్నయ్యని కావలించుకోవాలనిపించిన మాటా నిజం. కానీ ముప్పై ఏళ్ళుగా నాలిక చివర నానుతున్న మాట ముందు బయటపడింది.

"చూశావా అన్నయ్యా? నీ పెట్టె అక్కర్లేకుండానే ఆడించాను!"

అని ఊరుకున్నాడా? అడాప్టర్ తీసి చేతిలో పెట్టి పాఠం మొదలెట్టాడు. ఇదిగో ఇటు అరవై, అటు డెబ్భై రెండు, ఇది తాళం చిప్పు సంగతి, ఇక్కడ వేలు కాలింది. చిన్నబాబు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. టీ వచ్చింది, తాగాడు. సంచి మూతి మాత్రం విప్పలేదు.

"బాగా చేశావురా," అన్నాడు చివరికి. "నన్నో మాట అడగడం ఇష్టంలేక, కూర్చుని అరవై తీగలు అతికించావన్నమాట."

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఇక్కడ ఏమనాలో సతీష్‌కి తెలుసు. తప్పయిపోయింది, ఆ పెట్టె ఇటివ్వు అన్నయ్యా అంటే చాలు. నోరు తెరిచాడు కూడా.

"అరవై కాదన్నయ్యా, యాభై ఎనిమిదే. రెండు సౌండువి, వాటితో పన్లేదు," అన్నాడు.

"అలాగా," అని చిన్నబాబు సంచి తీసుకుని లేచాడు.

"ఏవండీ, వెళ్ళిపోతున్నారు, పిలవండి," అంది పార్వతి వంటింటి గుమ్మంలోంచి.

వీధిలో బండి ఓ పట్టాన స్టార్టవలేదు. చిన్నబాబు కిక్కు కొడుతూనే ఉన్నాడు. పిలవడానికి కావలసినంత టైముంది. సతీష్ కిటికీ దగ్గర నిలబడి, అది స్టార్టయ్యేదాకా చూశాడు.