మేజోడులో కత్తి

దొర వెళ్ళిపోతున్నాడని తెలిసిన రోజు నుంచి తాతబాబుకి ఒకటే ఆలోచన. ఆయనకు తను డ్రైవరేనా, ఇంకేమైనానా? పైకి అడగగల ప్రశ్న కాదు. పదేళ్ళుగా మెక్రే దొర కారు నడిపాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది తక్కువ. అద్దంలో చూసుకున్నదే ఎక్కువ.

ప్రశ్న పుట్టింది మూడేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం. తెల్లవాళ్ళ సర్కారు కమ్యూనిస్టుల మీద ప్రకటించిన ఎమర్జెన్సీ రోజులు. ఇపో పట్నం చర్చిలో ఎవరిదో పెళ్ళి చూసుకుని దొర రబ్బరు తోటకు తిరిగొస్తున్నాడు. తన దేశపు వేషంలో ఉన్నాడు. మోకాళ్ళ దాకా గళ్ళ పావడా, ఊలు మేజోళ్ళు, కుడి మేజోడు అంచులో పిడి మాత్రం పైకి కనబడే చిన్న కత్తి. తోట మలుపులో అడవిలో దాగిన కమ్యూనిస్టులు కాల్చారు. కారుకు తొడిగిన ఇనపరేకుల సందులోంచి ఒక గుండు వచ్చి తాతబాబు తొడలో దిగింది. ఇద్దరూ పాకుతూ వెళ్ళి రోడ్డు పక్క కాలవలో పడుకున్నారు. దొర మేజోట్లోంచి కత్తి లాగి, తన తెల్లచొక్కా చీల్చి ఆ తొడకు కట్టు కట్టాడు. సోల్జర్ల లారీ వచ్చేదాకా దొర తాతబాబు మణికట్టు పట్టుకునే ఉన్నాడు. కత్తి ఆ కాలవ గడ్డిలోనే ఎక్కడో పోయింది.

తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ పట్టు స్నేహమా, భయమా? భయపడ్డవాడు చెట్టుకొమ్మనైనా అలాగే పట్టుకుంటాడు. కాని దొర పావడా కట్టినప్పుడల్లా తాతబాబు కళ్ళు కుడి మేజోడు మీదికే పోయేవి. అక్కడ కత్తి ఉండేది కాదు. కొత్తది కొనుక్కోలేని మనిషి కాడు. ఆ చోటు తనను తలుచుకునే ఖాళీగా ఉంచాడని తాతబాబు నమ్మాడు. యజమాని మనసు పనివాడికి ఎవరూ చెప్పరు. అందుకని వాడు కనబడిన ప్రతిదాన్నీ చదువుతాడు, ఎవరూ రాయనిదాన్ని కూడా.

మెర్దేకా, తెల్లవాళ్ళ నుంచి ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజు, దగ్గర పడింది. తోట జనమంతా కలిసి దొరకి తగరపు పళ్ళెం ఇవ్వాలనుకున్నారు. తాతబాబు చందా ఇచ్చాడు గాని, విడిగా కత్తి కూడా కొంటానని భార్య మరిడమ్మతో అన్నాడు. రబ్బరు పాలు పట్టే బాల్చీ కడుగుతూ ఆవిడ నవ్వింది. ఈ దేశంలో అందరికీ ఉన్నట్టే ఆవిడ మాట చివరా ఒక ‘లా’ ఉంటుంది.

“నా తమ్ముడి పెళ్ళికి తువ్వాలెట్టినావు. దొరకి కత్తా? పావడా కట్టినోడికి కత్తేటి లా, గాజులు కొను.”

ఇపోలో పకీరిసామి అనే అతను దేశం వదిలిపోయే సోల్జర్ల దగ్గర పాతసామాను కొని అమ్ముతాడు. బూట్లూ నీళ్ళసీసాలూ పక్కకి జరిపి మూడు కత్తులు తీశాడు. మొదటిదానికి జింకకొమ్ము పిడి, పిడి చివర పసుపురాయి, వెండి కట్టు. ధర విన్నాక తాతబాబు దానికేసి మళ్ళీ చూడలేదు. రెండోది అన్నిటికన్నా చవక. భలే మెరుస్తోంది. కాని లాగితే రాలేదు. పిడీ ఒరా ఒకే పోత, లోపల కోసే అలుగే లేదు.

“డాన్సుకెట్టుకునేది లా,” అన్నాడు పకీరిసామి. “మేజోట్లో ఉన్నంతసేపూ అన్నీ ఒకటే. ఎవులు లాగి సూస్తారు?”

“నాను సూసినాను కదా,” అన్నాడు తాతబాబు.

మూడోదాని పిడి నల్లకర్ర. చెక్కడం మీద ఒకచోట పెచ్చు ఊడింది. అలుగు చిన్నదే గాని గోటి మీద పెడితే గీత పడింది. చొక్కాగుడ్డ చీల్చగలదు. ఆ పెచ్చు చూపించి చాలాసేపు బేరమాడి, తనకు అందే ధరకు తెచ్చుకున్నాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి సోదా చేశారు. కత్తి ఎవరికని అడిగారు. మా దొరకి అన్నాడు. ఆ ‘మా’ బస్సు దిగేదాకా నోట్లో తియ్యగా ఉంది.

మర్నాడు పొద్దున బంగళా వరండాలో, కట్టిన పెట్టెల మధ్య, గుడ్డ విప్పి చూపించాడు. దొర కత్తికేసి చాలాసేపు చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. కుడిచెయ్యి చాచాడు. కాలవలో మణికట్టు పట్టుకున్నది ఆ చెయ్యే.

ఉప్పూ మిరపకాయలూ కత్తీ చేతికివ్వకూడదని తాతబాబు తల్లి చెప్పేది. ఇస్తే ఆ ఇద్దరికీ చెడుతుంది. ఇంకెవరికైనా ఇచ్చేసేవాడేమో, ఈ మనిషికి ఇవ్వలేకపోయాడు. వంగి కత్తిని నేలమీద పెట్టాడు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దొర ముఖంలోకి పని పురమాయించేటప్పటి బిగువు వచ్చింది. కత్తిని తియ్యలేదు. జేబులు తడుముకుని ఒక పదిసెంట్ల నాణెం తీసి, తాతబాబు అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. తోటలో పని చేయించడానికి నేర్చుకున్న అరవంలో అన్నాడు, కత్తికి కాసు, ఊరికే కూడదు, పుచ్చుకో అని. ఆ అరవంలో ఆయనకు అంతకన్నా మాటలు లేవు.

క్లబ్బులో గోల్ఫు బంతులు ఏరే పిల్లలకు ఇచ్చేదీ అదే నాణెం. కత్తి ఖరీదంతా ఇచ్చి ఉంటే కోపం వచ్చేది, కోపంతో బతకొచ్చు. ఇది జవాబు. మూడేళ్ళుగా అడగలేకపోయిన ప్రశ్నకు చేతిలో పెట్టిన జవాబు. తాతబాబు వేళ్ళు విప్పాడు. నాణెం కత్తి పక్కన పడింది.

“అమ్మడానికి తేనేదు దొరా,” అని మెట్లు దిగిపోయాడు. వెనక నుంచి దొర పేరు పెట్టి పిలిచాడు. తిరిగి చూడలేదు. దొరని స్టేషనుకి తీసుకెళ్ళాల్సిన రోజు ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాడు. లారీ డ్రైవరు తీసుకెళ్ళాడు.

మెర్దేకా జెండాలు ఎగిరాయి. కల్లు దుకాణంలో తాతబాబు కథకు గిరాకీ పెరిగింది. దొర కాసు పారేసినోడు అని చూపించేవారు, పక్కన కూర్చోబెట్టుకుని కల్లు పోయించేవారు. జనం అతన్ని ఎదురుగా ముఖంలోకి చూడడం అదే మొదలు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో రాతపని చూసే జయరామ్ పిలిపించాడు. చిన్నవాడు, ఇంగ్లీషు చదివినవాడు. సొరుగులోంచి ఒక గుడ్డమూట తీసి బల్లమీద పెట్టాడు. లోపల కత్తి, పదిసెంట్ల నాణెం. దొర వెళ్ళేముందు రెండు రోజులూ వరండాలో తాతబాబు కోసం చూశాడట. వాళ్ళ దేశంలో కత్తి కానుకగా ఇస్తే బదులుగా ఒక కాసు పుచ్చుకోవాలట, లేకపోతే స్నేహం తెగుతుందట. నువ్వు కాసు తీసుకోలేదు గనుక కత్తి తీసుకెళ్ళడానికి ఆయనకు ధైర్యం చాలలేదు అన్నాడు జయరామ్.

తాతబాబు కత్తి పిడి మీద పెచ్చు ఊడిన చోటు వేలితో తడిమాడు.

“నేలమీదెందుకెట్టినాడని నన్నడిగినాడన్నా. మనకాడ కత్తి సేతికియ్యరని సెప్పినాను. ఇనీసరికి పెట్టిమీద కూలబడిపోనాడు.” జయరామ్ గొంతు తగ్గించాడు. “అడ్రసిచ్చినాడు. నువ్వు సెప్పు, నాను రాసెడతాను లా.”

తాతబాబు నాణేన్ని చూశాడు. అవును, స్నేహమే. మూడేళ్ళు కోరుకున్న జవాబు అది. ఇప్పుడు దాన్ని ఒప్పుకుంటే ఆ వరండాలో తను ఎవడు? కల్లు దుకాణంలో ఎవడు? అవమానంలో ఒక ఇల్లు కట్టుకున్నాడు. అందులో మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు.

“ఈ మాట ఇంకెవులికైనా సెప్పినావా?”

“నేదన్నా.”

“సెప్పకు.”

గుడ్డ మళ్ళీ ముడివేసి జయరామ్ వైపు తోశాడు.

ఆ సాయంత్రం పక్కతోట నుంచి వచ్చినవాళ్ళు కథ అడిగారు. తాతబాబు మొదటినుంచీ చెప్పాడు. ఈసారి దొర నాణెం అరచేతిలో పెట్టలేదు. నేలమీదికి విసిరి ఏరుకోమన్నాడు.