క్రిమి ఇంటిపేరు

షెడ్డులో నలుగురు టైఫాయిడ్‌తో మంచం పట్టగానే రాజలింగు పెళ్లి ఆగిపోయింది.

అది 1982 వేసవి, వరంగల్ కొత్తవాడ. ఆ నలుగురు పవర్‌లూమ్ పనివాళ్లూ పరకాలలో పెళ్లికూతురు అనసూర్య ఇంట నిశ్చితార్థం విందు తిని వచ్చినవాళ్లే. పరకాలలోనూ టైఫాయిడ్ ఉందని తెలిసి, మేనమామ సిద్దిరాములు మగ్గం ఆపకుండానే తీర్పు చెప్పేశాడు.

"రోగం తెచ్చె సంబంధం మనకెందుకురా? పోయి వద్దని చెప్పొస్త."

షెడ్డు ఆయనదే. తండ్రి లేని రాజలింగును పెంచిందీ ఆయనే. ఎదురు చెప్పలేక రాజలింగు దవాఖానకు పరుగెత్తాడు.

"రోగం ఒకటేనయ్యా, క్రిమి ఒకటేనా అన్నది చూడాలె" అంది డాక్టర్ సుగుణ. "చూసెటందుకు అన్నీ ఒక్కతీరుగుంటయి గని, వాటికి గూడ ఇంటిపేర్లుంటయి. అది పట్టే లాబ్ మనకాడ లేదు, ఢిల్లీల ఉన్నది. పరకాల రోగుల రక్తం తెస్తవా?"

తరువాతి బస్సుకే వెళ్లాడు. అక్కడి డాక్టరు ఇచ్చిన సీసాలతో తిరిగి వస్తుంటే బస్టాండులో అనసూర్య ఎదురైంది.

"నాకోసం వచ్చిండ్రనుకున్న. రక్తం కోసం వచ్చిండ్రా?"

"నీకోసమే తీస్కపోతున్న" అన్నాడు రాజలింగు, సీసాలు పదిలంగా పట్టుకుని.

సుగుణ రెండు ఊళ్ల రక్తంలోంచీ క్రిముల్ని పెంచి ఢిల్లీ పంపింది. కబురు వచ్చేదాకా ఆగమని మామను బతిమాలుకున్నాడు రాజలింగు.

"నా అల్లుని పెండ్లికి ఢిల్లీ పెత్తనమేందిరా?" అని గొణిగినా సిద్దిరాములు ఆగాడు.

కొన్ని వారాలకు సుగుణ నేరుగా షెడ్డుకే వచ్చింది.

"పరకాల క్రిమిది వేరే ఇంటిపేరు. మీ నలుగురిదీ ఇంకొకటి. ఆ పిల్ల విందుల తప్పు లేదు. ఇది ఈ షెడ్డులనే ఉన్నది."

"నా షెడ్డులనా?" సిద్దిరాములు నవ్వి, మగ్గంలో అటూ ఇటూ పోగు తీసుకుపోయే నాడెను పక్కవాడి దగ్గర అందుకున్నాడు. దారపు కండె అందులో పెట్టి, నాడె పక్కనున్న రంధ్రానికి పెదవులు ఆనించి, ఒక్క పీల్పుతో దారం కొస బయటికి లాగి తిరిగి ఇచ్చాడు. మరుసటి కండెకు పక్కవాడూ అదే రంధ్రానికి నోరు పెట్టాడు.

సుగుణ చూపు అక్కడే ఆగిపోయింది. "అందరి నాడెలకూ మీరే దారం ఎక్కిస్తరా?"

"నా అంత జల్ది ఇంకెవరు పీలుస్తరమ్మా?"

ఆయనకు చిన్నతనంలో పెద్ద జ్వరం వచ్చి తగ్గిందట. పరీక్ష చేస్తే, రోగమేమీ లేని ఆ మనిషి కడుపులో క్రిమి దొరికింది. దానిదీ షెడ్డు క్రిమి ఇంటిపేరేనని ఢిల్లీ తేల్చింది.

"కడుపులది చేతికి, చేతిది నాడెకు, నాడెది నోటికి. మందులు మింగితె పోతది, ఫికర్ చెయ్యకుండ్రి" అంది సుగుణ.

సిద్దిరాములు కండెల గంప మీద కూలబడ్డాడు. రాజలింగు వైపు తలెత్తాడు.

"అంటె, రోగం తెచ్చె సంబంధం నాదేనారా?"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. నవ్వు ఆపుకోలేక ఆయనే ముహూర్తం పెట్టించమన్నాడు.

పెళ్లినాటికి నలుగురూ కోలుకుని వడ్డనలో తిరుగుతున్నారు. సిద్దిరాములు మందుల కోర్సూ పూర్తయింది. పీటల మీది అనసూర్య ఆయన్ని పిలిచి, సైకిల్ చక్రం పుల్ల వంచి చేయించిన చిన్న కొక్కెం చేతిలో పెట్టింది.

"పెద్దనాయినా, ఇగ దారం దీనితోని గుంజు. నోరు మమ్ముల తిట్టెటందుకు ఉంచుకో."

ఆయన కొక్కేన్ని జేబులో వేసుకుని, అక్షింతలు పట్టే ముందు సబ్బు అడిగాడు.