డ్రైవరు పక్క తలుపు

సితింజావ్ కొండ మలుపు ఎక్కేటప్పుడు లారీ డ్రైవర్లెవరూ తమ పక్క తలుపు గట్టిగా వెయ్యరు. బండి వెనక్కి జారితే దూకడానికి వీలుగా ఓరగా వదిలేస్తారు. ఆ వీలు డ్రైవరుకే. చక్రం కింద పెట్టే చెక్కదిమ్మ మోసుకుంటూ వెనక నడిచేవాడికి ఏ తలుపూ ఉండదు.

ఆ పొద్దున దిమ్మ మోస్తున్నవాడు జమారిస్. ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టిన మనిషే. కుడికంటి చూపు మసకబారాక దిగక తప్పలేదు. ఇప్పుడు స్టీరింగ్ దగ్గర మేనల్లుడు రిజల్ది ఉన్నాడు. పడాంగ్ నుంచి సొలోక్‌కి సిమెంటు లోడు. లోడు బండితో ఈ కొండ ఎక్కడం వాడికిదే మొదటిసారి.

బయలుదేరే ముందు చెల్లెలు రోస్నీదార్ అన్నం పొట్లాలు రెండు చేతికిచ్చి, అన్నని పెరట్లోకి పిలిచింది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఈ కొండ మీదే బ్రేకులు పోతే బస్సుని వదలకుండా, తీసుకెళ్ళి రాతికి ఆనించి, ఎక్కినవాళ్ళందరినీ బతికించి తను పోయాడు. పరామర్శకి వచ్చిన ప్రతివాడూ మంచి డ్రైవరమ్మా, అలాంటి డ్రైవరు ఇంక పుట్టడు అని వెళ్ళాడు. ఆ మాట వింటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తల్లి వైపు వంశం నడిచే మినాంగ్ వాళ్ళ ఇళ్ళల్లో పిల్లల భారం ఎలాగూ మేనమామదే, తండ్రి లేని పిల్లాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

"వాణ్ణి మంచి డ్రైవర్ని చెయ్యకన్నయ్యా," అంది. "ఆ పేరు ఈ కొంపకి ఒకసారి వచ్చింది చాలు. దూకడం నేర్పు. నాకదే పదివేలు."

జమారిస్ మాటిచ్చాడు. దారి పొడుగునా అదే నూరిపోశాడు. బ్రేకు పట్టు తప్పిందని కాలికి తెలిసిన క్షణం దూకెయ్యమన్నాడు. లారీ పోతే ఇంకో లారీ వస్తుందన్నాడు.

"మరి వెనక నువ్వుంటావు కదా మామయ్యా?"

"నా సంగతి నీకెందుకురా? నీలా పొట్ట లేదు నాకు, పక్కకి గెంతుతాను."

ఇద్దరూ నవ్వారు. నమాజులో వంగి లేవడానికే ఆ మోకాళ్ళు మొరాయిస్తున్నాయని ఇద్దరికీ తెలుసు.

మలుపు దగ్గర సన్నగా జల్లు పడుతోంది. జెండా పట్టుకున్న కుర్రాళ్ళు పైనుంచి దిగే బండ్లని ఆపి దారి ఇచ్చారు. ఎడమ పక్క కొండ రాయి, కుడి పక్క లోయ. లారీ మూలుగుతూ మలుపెక్కింది. కుడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని జమారిస్ నడిచాడు. ఇన్నేళ్ళూ తన వెనక నడిచినవాళ్ళు ఇంత భయాన్ని ఎక్కడ దాచుకున్నారో అతనికి అర్థం కాలేదు.

మలుపు నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. బ్రేకు పట్టింది. జమారిస్ వంగి చక్రం కింద దిమ్మ పెట్టాడు. అంతలోనే బ్రేకు గాలి బుస్సుమని పోయిన చప్పుడు వినిపించింది. చక్రం దిమ్మని తడిరోడ్డు మీద సబ్బుబిళ్ళలా నెట్టేసింది. తప్పుకోబోయి జమారిస్ వెల్లకిలా పడ్డాడు. లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. లోడంతా మెల్లగా అతని వైపే వస్తోంది.

పైన డ్రైవరు పక్క తలుపు బార్లా తెరుచుకుంది. రిజల్ది కాలు మెట్టు మీదికి వచ్చింది.

తను నేర్పిందే. చెల్లెలు అడిగిందే. అయినా ఆ క్షణంలో జమారిస్ దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, వాడు దూకకూడదని. అలా కోరుకున్నందుకు ప్రాణభయంలోనూ సిగ్గేసింది.

మెట్టు మీద కాలు ఆగింది. తల బయటికి వచ్చింది.

"ఎటు పడ్డావు మామయ్యా?"

"కుడి పక్క."

తల లోపలికి పోయింది. స్టీరింగ్ తిరిగింది. లారీ వెనకభాగం అతన్ని తప్పించుకుని ఎడమకి మళ్ళింది. ముందు చక్రం అతని పాదాల పక్కనుంచి దొర్లుకుంటూ పోయింది. ఆ తర్వాత వెనక మూల రాతికి గుద్దుకుని బండి ఆగింది.

బండి దిగి రిజల్ది మామయ్యని లేపి నిలబెట్టాడు. దూకమన్నానా లేదా అని జమారిస్ కేకలేశాడు.

"దూకుదామనే కాలు పెట్టాను మామయ్యా. అద్దంలో నువ్వు కనపడలేదు."

తిరిగొస్తూ ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. వెనక మూల గోదాం గోడకి తగిలి నలిగిందని చెప్పాలి. కొండ మీద ఏమీ జరగలేదు.

సాయంత్రం రోస్నీదార్ కాఫీ తెచ్చింది. రిజల్ది తల వంచుకుని స్నానానికి పోయాడు. ఆవిడ బండి వెనక మూల వైపు చూసింది, గోదాం గోడ కథ చెప్పే వ్యవధి ఇవ్వలేదు.

"ఎలా నడిపాడు?"

జమారిస్ అబద్ధం సిద్ధంగానే ఉంచుకున్నాడు. తీరా ఆవిడ మొహం చూశాక అది నోటికి రాలేదు.

"బాగా నడిపాడమ్మా," అన్నాడు. "మంచి డ్రైవరు."

ఆవిడ చేతిలో కప్పుని మెల్లగా అరుగు మీద పెట్టింది. అన్న మోచేతి మీద చర్మం లేచిపోయిన చోటు అప్పుడు కనపడింది. దూకనందుకు కొడుకుని తిట్టుకుందామంటే, ఎదురుగా అన్న బతికి కూర్చుని ఉన్నాడు.

"రేపు కూడా లోడుందా?" అని అడిగింది.

"ఉంది."

రోస్నీదార్ కొంగుతో ఆ దెబ్బ చుట్టూ ఉన్న మట్టి తుడుస్తూ కూర్చుంది.