గాలి చాలదన్నాడు

1999 వేసవి. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ సెంటర్ నడిపే ఐలేశం, ఊళ్లో ఎవరి దగ్గరా లేనంత వేగమైన కంప్యూటర్‌ను తానే తయారు చేయాలనుకున్నాడు. సామాన్లు హైదరాబాద్ నుంచి తెచ్చాడు. ప్రాసెసర్‌ను దానికి చెప్పిన వేగం కంటే ఎక్కువగా నడిపించాడు. పది నిమిషాలకే అది వేడెక్కి ఆగిపోయేది.

"పెద్ద ఫ్యాన్లు రెండు బిగిద్దాం సార్. గాలి చాలు," అంది అక్కడ పాఠాలు చెప్పే సుగుణ.

"ఫ్యాన్లు అందరికుంటయి. నీళ్లతోని చల్లబరుద్దాం. పైపులల్ల నీళ్లు పోతాంటె ఊరంత వచ్చి చూడాలె."

"ఒక్క చుక్క కారినా మొత్తం పోతది సార్."

"మీ బాపు కూలర్లు బాగుజేస్తడు గదా? తోలుకరా. నీకన్న ఆయనకే ఎక్కువ తెలుసు."

మైసయ్య ఉతికిన అంగీ వేసుకొని వచ్చాడు. కూతురు పనిచేసే చోట తనకూ పని దొరికిందని సంబరపడ్డాడు. ప్రాసెసర్ మీద కూర్చునేలా రాగి డబ్బీ అతికాడు. కూలర్ మోటారుతో నీళ్లు తిప్పాడు. పైపుల మూతులకు ఇనుప క్లిప్పులు కావాలన్నాడు.

"రేపే దీని ఓపెనింగ్. తీగతోని కట్టు," అన్నాడు ఐలేశం.

"తీగ ఆగది సారూ. వేడికి పైపు మెత్తబడతది."

"కట్టమంటె కట్టు."

కట్టాడు.

మర్నాడు పొద్దున విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఊరి పెద్దలు హాలు నిండా చేరారు. ఇరవై నిమిషాలు అంతా బాగానే నడిచింది. తర్వాత పైపు ఊడింది. చిటపటమంటూ మెరుపు, ప్లాస్టిక్ కాలిన వాసన. తెర నల్లబడింది.

"సదువురాని మనిషిని నమ్మితె గిట్లనే అయితది," అని ఐలేశం అరిచాడు. మైసయ్య భుజం మీది తువ్వాలను లాగి నేలమీద పడేశాడు. "తుడువు."

మైసయ్య మోకాళ్ల మీద కూర్చొని తుడవసాగాడు.

ఐలేశం సుగుణ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సోమవారం హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ అంటివి. అనుభవం కాగితం మీద నా సంతకం కావాలె గదా? తప్పెవరిదో అందరికి చెప్పు."

సుగుణ తండ్రి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"మా బాపుదే," అంది.

"గట్టిగ."

"మా బాపుదే తప్పు. సరిగ్గ కట్టలే."

"అవు సారూ, నాదే," అన్నాడు మైసయ్య, తువ్వాల పిండుతూ.

ఇంటికి నడుస్తూ ఆయన ఒక్కటే అడిగాడు. "సంతకం పెట్టిండా?"

"సోమవారం పొద్దుగాల పెడతడంట."

సోమవారం ఐలేశం కాగితాన్ని చేతిలోకి తీసుకొని, చదివి, తిరిగి ఇచ్చేశాడు.

"కన్నతండ్రినే నలుగుర్ల నిలబెట్టినవు. రేపు నా గురించి ఏం చెప్తవో! పో, క్లాసు టైమయింది."

సుగుణ వెళ్లి క్లాసు చెప్పింది. హైదరాబాద్ బస్సు ఎక్కనే లేదు.

ఆ సంగతి ఊరంతా పాకింది. కూతురే చెప్పాక ఇంకెవరు నమ్ముతారు? ఎండలు మండుతున్నా మైసయ్య దుకాణానికి ఒక్క కూలరూ రాలేదు. నెల తిరగకముందే తాళం వేసి, చిట్యాలలో మిల్లు కూలీకి బయల్దేరాడు.

బస్టాండులో కూతుర్ని అడిగాడు. "ఇంటర్వ్యూ ఏమాయె బిడ్డా?"

"సార్ సంతకం పెట్టిండు బాపూ. నాకే నౌకరి రాలే."

మైసయ్య మొహం తేటపడింది. "పెట్టిండు గదా, గదే చాలు. నువ్వు ఫికర్ చెయ్యకు," అని బస్సెక్కాడు.