మక్సూదక్క వేసిన బెడ్డు

ముకర్రం అన్న పోయాక చేసే నలభయ్యో రోజు ఫాతెహా కూడా కాకముందే, ఆ ఇంటి మీద ఆయన పెద్దన్న గులాం నబీ కన్నేశాడు.

హుస్నాబాద్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. టైల్స్ వేయించాలని ముకర్రం అన్న పాత బండలన్నీ పెకలించి, టైల్స్ డబ్బాలు వాకిట్లో పేర్చుకున్నాడు. ఆ వారమే గుండె ఆగి పోయాడు. కాలు పెడితే దిగబడే మట్టింట్లో ఆయన భార్య మక్సూదక్క, కాలేజీకి పోయే కూతురు మహెక్ మిగిలారు.

భర్త పోతే వాళ్లలో ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తారు. ఆ ఇంట్లోనే ఉండాలి, పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు. గులాం నబీకి ఇందులో రెండో సగమే గుర్తుంది.

"దుల్హన్, గీ మట్టిల ఎట్లుంటరు? మేస్త్రీలు లోపలికి రావద్దాయె. సామాన్లు సదురుకోండ్రి, మా ఇంటికి పోదాం," అన్నాడు వాకిట్లో నిలబడి. తమ్ముడి భార్యను దుల్హన్ అని పిలుస్తూ ఎప్పుడూ ఉర్దూలో మాట్లాడే మనిషి ఆ రోజు గల్లీ అంతా వినాలని తెలుగులో ప్రేమ ఒలకబోశాడు. ఇల్లు ఇంకా ఆ అన్నదమ్ముల నాయన పేరు మీదే ఉంది. సామాను బయటికి వస్తే తాళం పడుతుందని గల్లీలో కుక్కలకు కూడా తెలుసు.

"ఇద్దత్ల ఇల్లు విడువద్దు భాయ్‌సాబ్," అంది అక్క తలుపు వెనక నుంచి.

"మట్టిల పండుతవా?"

"పండుత."

ఆయన పోయాక నేను లోపలికి వెళ్లాను. అక్క ఏడుస్తోంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

"మగ మేస్త్రీ రావద్దంటే ఆడ మేస్త్రీ రావొచ్చు గదక్కా?"

"ఏడున్నదే నవీనా, ఆడ మేస్త్రీ?"

"నీ ముంగట్నే ఉన్న."

మా ఆయన పవర్‌లూమ్ కూలి చాలక నేను మేస్త్రీల దగ్గర సిమెంటు తట్టలు మోశాను. తట్టలు మోసినదాన్ని ఎవరూ మేస్త్రీ అనరు. నన్ను నేనే అనుకున్నాను, ఎవరు ఆపుతారు?

వదులు మట్టి ఎత్తిపోశాం. గట్టి మొరం మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో దంచాం. గాజులు తీసేసిన చేతులతో అక్క ఏడుస్తూనే దంచేది. కొన్నాళ్లకు ఏడుపు ఆగింది, దంచుడు ఆగలేదు. వంటింటి మూల మాత్రం ఎంత దంచినా కుంగుతూనే ఉంది.

"టైలు పడ్డంక ఎవలు చూస్తరక్కా, కానియ్," అన్నాను విసుగొచ్చి.

"నేను చూస్త. ఇయ్యాల కప్పిపెడితే రేపు టైలు పలుగుతది. ఇల్లు పాడైందని మల్ల గాయినే వస్తడు," అని గడ్డపార పట్టింది. తవ్వితే అన్నీ ఎలుక బొక్కలు. పాత బండల ముక్కలు వాటిలో కుక్కి మళ్లీ దంచింది. మహెక్ సన్న పైపులో నీళ్లు నింపి నాలుగు మూలలా మట్టం చూసింది.

తర్వాత కంకర, ఇసుక, సిమెంటు కలిపి బెడ్డు వేశాం. వెనక గది నుంచి మొదలుపెట్టి, ఆరిన గదిలోకి సామాను జరుపుకుంటూ రోజుకింత గడప దాకా వచ్చి, ఆ రోజు వాకిట్లో కూర్చుని చివరి జానెడు గుర్మాల రేకుతో నున్నగా రాస్తున్నాం. అప్పుడే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు హమాలీలను వెంటేసుకుని గులాం నబీ లోపలికొచ్చాడు. అక్క దుపట్టా ముఖం మీదికి లాక్కుంది.

"బహుత్ అయింది. సామాను తీయుండ్రి," అంటూ ఆయన మమ్మల్ని దాటి గడప లోపల కాలేశాడు. చెప్పుతో సహా పచ్చి సిమెంటులో దిగబడ్డాడు.

"భాయ్‌సాబ్, ఆగుండ్రి!" అక్క గొంతు గల్లీ చివరిదాకా వినిపించింది. "ఇద్దత్ల ఉన్న మరదలికి బావ సుత పరాయి మగోడే. నమ్మకపోతే మసీదుల అడుగుండ్రి. ఏ హక్కుతోటి లోపల కాలు వెట్టిండ్రు?"

గోడల మీద నుంచి తలలు లేచాయి. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆటో దగ్గరికి నడిచారు. గులాం నబీ కాలు పీక్కున్నాడు కానీ చెప్పు రాలేదు. వంగి రెండు చేతులతో లాక్కోవాల్సి వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

ఆయన ఇంకా అక్కడుండగానే అక్క తట్టలోంచి గుప్పెడు సిమెంటు మాలు తీసి ఆ గుంతలో కొట్టింది. గుర్మాలతో అటూ ఇటూ రాసింది. అడుగు ఆనవాలు లేకుండా పోయింది.

"గేటేసి పోండ్రి భాయ్‌సాబ్," అంది తలెత్తకుండానే. "నా ఇల్లు ఆరాలె."