మూల విరిగిన రేకు

భీమవ్వ పదకొండో పటం దగ్గరికి వచ్చింది. ముందు పొడి గుడ్డతో చట్రం పై అంచు, తర్వాత రెండు పక్కలు, ఆఖరున కింది అంచు. అద్దానికి వేరే మెత్తటి గుడ్డ ఉంది, అది భుజం మీద ఉంటుంది. చట్రం తుడిచిన గుడ్డ పొరపాటున అద్దానికి తగిలితే ఆమెకు ఆ పూట అన్నం సయించదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. మనిషి సన్నం, వీపు కొంచెం వంగింది. బీడీ ఆకు కోసే కత్తెర పిడి ఒరుసుకున్న కుడి బొటనవేలి మీద కాయ కాసి అట్లాగే ఉండిపోయింది. ఈ మధ్య నాలుగు పటాలకోసారి గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి అందేదాకా ఆగాల్సి వస్తోంది. ఆగినట్టు కనపడకుండా, పటాన్నే చూస్తున్నట్టు నిలబడుతుంది. ఎవరైనా చూస్తే ఆహా ఎంత శ్రద్ధ అనుకోవాలి గానీ, ముసల్దానికి ఆయాసం అనుకోకూడదు. అదీ ఆమె పంతం!

నిజామాబాదులో ఆ మ్యూజియం ఎక్కడని అడిగితే పక్క వీధి వాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు. రెండంతస్తుల పాత ఇల్లు. బోధన్‌లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి కాలం చేసిన ఆత్మారాం వేసిన నీటిరంగు బొమ్మలు అరవై మూడు, ఆయన శిష్యులు ట్రస్టు పెట్టి అక్కడ తగిలించారు. ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన చెరకు బండ్లు, కందకుర్తి రేవులో స్నానాలు, కోటగిరి కాలువ మీద బట్టలుతికే ఆడవాళ్ళు. చూడటానికి బడిపిల్లలు ఏడాదికోసారి వస్తారు. వాన పడితే పెద్దవాళ్ళు కూడా వస్తారు.

భీమవ్వ అన్ని పటాలూ తుడిచాక ముప్పై ఏడో దాని దగ్గరికి పోతుంది. వరసలో అది మధ్యలో ఉన్నా ఆమె చేతికి ఎప్పుడూ ఆఖరుదే. గడప మీద కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల. ఒళ్ళో చాట. ఎడమచేతిలో తునికాకు, ఆకు మీద కొలతకు పెట్టిన రేకు, కుడిచేతిలో కత్తెర. రేకు చుట్టూ ఆకును కత్తిరించబోతూ ఎవరో పిలిస్తే తల ఎత్తినట్టు ఉంటుంది. కింద అట్టముక్క మీద ‘బీడీల పిల్ల’ అని రాసి ఉంది.

ఆ పిల్ల భీమవ్వ అక్క సాయవ్వ.

ఈ సంగతి మ్యూజియంలో ఎవరికీ తెలియదు. తలుపులు తెరిచే ముందు ఊడ్చి కడగడానికి కూలికి వచ్చిన రోజున, గోడకు ఆనించిన పటాల మధ్యలో భీమవ్వ అక్కను చూసింది. చేతిలో చీపురు అట్లాగే ఉండిపోయింది. బొమ్మ వేయించుకున్న మరుసటేడే దగ్గుతో పోయిన మనిషి! ఒక్క ఫోటో లేదు. ముఖం ఎట్లుండేదో చెల్లెలికే మసకబారుతున్న వేళ, పక్క వాడకట్టు డ్రాయింగు మాస్టారు మూడు మధ్యాహ్నాలు కూర్చుని వేసిన బొమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ సాయంత్రమే ఊడ్చే పనికి కుదురుతానని అడిగింది. అప్పటి మేనేజరుతో ఒకసారి నోరు తెరిచి చెప్పింది కూడా. ఆయన నవ్వాడు. “బొమ్మల్లో పిల్లలంతా ఒక్క తీరే ఉంటరు పో” అన్నాడు. అంతే, భీమవ్వ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ లోపల ఒకటే దిగులు. తను కూడా పోతే సాయవ్వ అనే మనిషి ఒకతె ఉండేదని చెప్పేవాళ్ళు లోకంలో ఎవరూ మిగలరు. ఒక్కచోట ఆ పేరు రాసి ఉంటే చాలు. ఎక్కడ రాయించాలో, ఎవరిని అడగాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

ఇంతలో సంజన వచ్చింది. ధర్పల్లి పసుపు రైతుల పిల్ల, హైదరాబాదులో డిజైను చదువుతోంది. చదువులో భాగంగా రెండు నెలలు ఇక్కడ పనిచేసి, పటాలన్నీ ఫోటోలు తీసి ఒక పుస్తకంగా కూర్చాలి. వచ్చిన రెండోనాడే గోడ వెంట నడుస్తూ ఆగిపోయి, “సార్, ఈ అట్టముక్కలన్నిటికీ పై కుడిమూల ఏటవాలుగా కోసి ఉంది. ఎవరి డిజైను?” అని అడిగింది. మ్యూజియం చూసుకునే భానుప్రసాద్ తల ఎత్తకుండానే, “ఏమో అమ్మా, మొదటి నుంచీ అట్లనే ఉన్నయి” అన్నాడు. సంజనకు అది ఎంత నచ్చిందంటే, పుస్తకంలో ప్రతి బొమ్మ కింద వచ్చే రాతపెట్టెకు కూడా అదే మూలకోత పెట్టింది. నేల తుడుస్తున్న భీమవ్వ విన్నది. ఆ కోత డిజైనూ కాదు, పాడూ కాదు. ఆ అట్టలన్నీ కోసింది తనే. మేనేజరు అన్నీ ఒక్క కొలతలో ఉండాలంటే, నడుముకు దోపుకున్న సంచిలోంచి అక్క రేకు తీసి, పెట్టి కోసింది. రేకుకు ఒక మూల లేదు కాబట్టి అట్టలకూ లేదు. ఇంట్లో కూతురు శిరీషకు సాయంగా ఇప్పటికీ సాయంత్రాలు బీడీలకు ఆకు కోసేది ఆ రేకుతోనే.

ఆ రోజుకు సంజన రెండు నెలలూ కావచ్చాయి. సాయంత్రం నాలుగింటికల్లా పుస్తకం ప్రెస్సుకు పంపాలి. పొడుగుబల్ల మీద పేజీలన్నీ పరిచింది. “అవ్వా, గోడ మీద వరస నాకంటే నీకే బాగా తెలుసు. ఇవి అట్లనే ఉన్నయా చూడవా?” అంది. భీమవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని ఒక్కో పేజీ చూస్తూ కదిలింది. చెరకు బండ్లు, రేవు, కాలువ. ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగింది. ఈసారి ఆయాసానికి కాదు.

అక్క ముఖం అదే. చాట అదే. ఆకు మీద రేకు మాత్రం నాలుగు మూలలతో నిండుగా ఉంది.

ఆమె వెళ్ళి చాయ్ పెట్టింది. సంజనకూ భానుప్రసాద్‌కూ ఇచ్చింది. గ్లాసులు కడిగి బోర్లించింది. చెప్తే నవ్వుతారేమో. చెప్పకపోతే ఆ పుస్తకంలో ఉండేది అక్క కాదు, వేరే ఎవరి పిల్లో. గ్లాసులు మళ్ళీ కడిగింది. అప్పటికి రెండు కావస్తోంది.

“బిడ్డా, గిండ్ల తప్పున్నది.”

సంజన ఉలిక్కిపడింది. “ఎక్కడ అవ్వా? అక్షరాల్లోనా?”

“నాకు అచ్చరాలు ఎక్కడియి? బొమ్మల ఉన్నది. రేకుకు మూల అతికిచ్చినవ్.”

“అదా! చెమ్మ తగిలి రంగు పోయింది అనుకున్న అవ్వా. కంప్యూటర్‌లో నేనే బాగు చేసిన. మంచిగ లేదా?”

“రంగు పోలేదు బిడ్డా. రేకుకే మూల లేదు. నేనే ఇరిచిన.”

భీమవ్వ సంచి విప్పి రేకు తీసి బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టేంత ఇనప రేకు, అంచులు తుప్పు, బొటనవేలు ఆనే చోట మాత్రం అరిగి నున్నగా ఉంది. పై కుడిమూల లేదు. సంజన రేకును చూసింది, గోడ మీది అట్టముక్కలను చూసింది, లేచి పటం దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చి రేకును రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఈమె ఎవరు అవ్వా?”

“మా అక్క. సాయవ్వ.”

ఇరవై రెండేళ్ళు మింగిన మాట బయటికి వచ్చాక ఇంక మిగతావి ఆగలేదు. శివరాత్రికి కందకుర్తికి తోలుకపొమ్మంటే పని ఉందని అక్క తీసుకుపోలేదు. పదేళ్ళ భీమవ్వకు కోపం వచ్చి, అక్క లేనప్పుడు రేకు మూలను ఇటూ అటూ వంచి వంచి విరిచేసింది. ఆ రేకుతో ఆకు కోసి చుట్టిన బీడీలను కార్ఖానాలో పొట్టివని పక్కన పడేశారు. తల్లి తన వీపు చిట్లగొడుతుంటే సాయవ్వ, “నా చేతిలనే ఇరిగింది” అంది. చెల్లెలి పేరు చెప్పలేదు. తర్వాత ఆ మూల దగ్గరికి వచ్చినప్పుడల్లా కత్తెరను కొంచెం బయటికి జరిపి, అందాజుగా ఆకు నిండుగా కోసేది. మాస్టారు బొమ్మ వేసింది ఆ రోజుల్లోనే.

“నేనే ఇరిచిన అని దానికి ఎన్నడు సెప్పలే బిడ్డా. దానికి ఎరికే. అయినా నేను సెప్పలే” అంటూ భీమవ్వ ఏడ్చింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, పదేళ్ళ పిల్లలాగే ఏడ్చింది. సంజన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. తన చేత్తో సరిచేశానని మురిసిన బొమ్మను చూడటానికే ఆ పిల్లకు సిగ్గేసింది.

భానుప్రసాద్ వచ్చి అంతా విన్నాడు. మంచివాడే, కానీ అచ్చులో పడే మాటంటే భయం. “ఇసొంటి రేకులు బీడీలు చుట్టే ఇంటికొకటి ఉంటయి సంజనా. దీన్ని పట్టుకొని పేరెట్ల రాస్తం?”

“ఇట్ల విరిగినవి ఉండవు సార్.” సంజన అప్పటికే మూల అతికించక ముందరి బొమ్మను తెర మీద పెద్దది చేసి పెట్టింది. పక్కన రేకు ఫోటో. విరిగిన అంచు మధ్యలో చిన్న వంపు ఉంది, బొమ్మలోనూ ఉంది. ఆత్మారాం మాస్టారు చూసింది చూసినట్టే వేసే మనిషి. భానుప్రసాద్ వంగి రెంటినీ మార్చి మార్చి చూశాడు.

“సరే. ‘స్థానికుల కథనం ప్రకారం’ అని రాద్దాం.”

“అంటే ఏంది సార్?” అంది భీమవ్వ.

“అంటే, ఊరోళ్ళు అనుకునే మాట అని.”

“ఊరోళ్ళు ఎవలు అనుకుంటలేరు సార్. ఊరోళ్ళు ఎన్నడో మరిసిండ్రు. నేను సెప్తున్న.”

భానుప్రసాద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె తనకు ఎదురు చెప్పడం అదే మొదలు. “రాయి సంజనా. అవ్వ ఎట్ల చెప్తే అట్ల రాయి” అన్నాడు.

పేజీలో రేకు మూల మళ్ళీ విరిగింది. పుస్తకంలో ‘బీడీల పిల్ల’ పక్కన సంజన రాసుకున్న ‘పేరు తెలియని బాలిక’ అన్న మాట చెరిగిపోయింది. సంజన రాసి, గట్టిగా చదివింది: “సాయవ్వ, బోధన్. బీడీ ఆకు కత్తిరిస్తూ. గుర్తుపట్టినది, చెల్లెలు భీమవ్వ.”

“నా పేరు ఎందుకు బిడ్డా?”

“చెప్పినవాళ్ళు ఉండాలి కదా అవ్వా.”

“ఇంకోసారి సదువు.”

సంజన చదివింది. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివింది. నాలుగుకు పది నిమిషాలుండగా పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. “పంపినవా?” అని భీమవ్వ రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

గోడ మీది అట్ట కూడా మార్చాలి కదా అంది సంజన. భీమవ్వ తెల్లటి అట్ట ఒకటి తీసి, దాని మీద రేకు పెట్టి, పెన్సిలు పట్టుకుంది. బల్లకు చెయ్యి ఆనించి ఆగింది. పెన్సిలు పక్కన పెట్టేసింది.

“రేపు పొద్దుగాల కోస్త బిడ్డా. గీడనే ఉండనియ్యి, ఎవలు తియ్యరు.”

“ఆయాసం వస్తోందా అవ్వా? ఆటో పిలవనా?”

“ఏమద్దు. ఇయ్యాల మంచిగున్నది నాకు.”

పోయే ముందు ముప్పై ఏడో పటం దగ్గర ఆగి, భుజం మీది మెత్తటి గుడ్డతో అద్దం ఇంకోసారి తుడిచింది. పొద్దున తుడిచిందే. గుడ్డలు రెండూ మడిచి గూట్లో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు తొమ్మిదైనా, రోజూ భీమవ్వ తీసే మ్యూజియం తలుపు తెరుచుకోలేదు. సంజన మెట్ల మీద కూర్చుంది. భానుప్రసాద్ వచ్చి తాళం తీస్తుంటే ఫోను మోగింది. అవతల భీమవ్వ కూతురు శిరీష. “అమ్మ పొద్దుగాల లేవలే సార్. నిద్రలనే...” అని ఇంక మాట్లాడలేకపోయింది. ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఊఁ ఊఁ అంటూ నిలబడ్డాడు.

సంజన లోపలికి వెళ్ళింది. ఆ రోజు పటాలు ఎవరూ తుడవలేదు. బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు తీసుకుంది. కన్నీళ్ళకు గీత కనపడక రెండుసార్లు ఆగింది. రేకు చుట్టూ గీసుకుంటూ వచ్చి, పై కుడిమూల దగ్గర రేకు ఎట్లా ఉంటే అట్లానే, వంపుతో సహా గీసింది. అట్ట కోసి, పేరు రాసి, ముప్పై ఏడో పటం కింద పెట్టి, భానుప్రసాద్‌తో కలిసి భీమవ్వ ఇంటికి బయల్దేరింది. పొడుగుబల్ల మీద అట్ట తునకల మధ్య రేకు ఉండిపోయింది, బొటనవేలు ఆనే చోట నున్నగా.